వానలు పడకముందే విద్వాంసుల కాగితాలు చూసుకోండి

సంగీతం రాసుకునేటప్పుడు స్వరం పైన చుక్క ఉంటే తారస్థాయి, అంటే పై స్థాయి; కింద ఉంటే మంద్రస్థాయి, అంటే కింది స్థాయి. పాత నోటుపుస్తకంలో బూజు మచ్చ కూడా అచ్చం ఆ చుక్కలాగే కనిపిస్తుంది. ఒక్క వానాకాలం అశ్రద్ధ చేస్తే మేష్టారు పెట్టిన చుక్క ఏదో, బూజు పెట్టిన చుక్క ఏదో తేల్చలేం.

విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు గారు, ద్వారం వెంకటస్వామినాయుడు గారు ప్రిన్సిపాల్స్‌గా చేసిన చోటు అది. అలాంటి చోట నేర్చుకుని, చుట్టుపక్కల ఊళ్లలో పాఠాలు చెప్పుకుంటూ బతికిన విద్వాంసుల్లో పేరు బయటికి రానివాళ్లే ఎక్కువ. వాళ్లు పోయాక ఇంటివాళ్లు తెచ్చి కాలేజీకి ఇచ్చే ట్రంకుపెట్టెలో స్వరం రాసుకున్న పుస్తకాలు, రేడియో కాంట్రాక్టులు, పెళ్లి కచేరీల పద్దులు, శిష్యుల ఉత్తరాలు ఉంటాయి. అచ్చయిన పుస్తకం పోతే ఇంకో ప్రతి దొరుకుతుంది. వీటికి రెండో ప్రతి లేదు.

కాబట్టి మే నెలలోనే ఈ కాగితాలుంచిన లైబ్రరీ గది చూడండి. శ్లాబు ఎక్కడ చెమ్మగిల్లుతోంది, వాననీళ్ల గొట్టం ఏ గోడలోంచి దిగుతోంది, పైన బాత్రూమ్ ఏమైనా ఉందా? బీరువాను బయటి గోడకు ఆనించొద్దు, జానెడు ఎడం ఉంచండి. నేలమీద ఒక్క కట్ట కూడా ఉండకూడదు. కింది అరను ఖాళీగా వదిలేయడం ఇంకా మంచిది. గాలిలో తేమ చూపించే చిన్న మీటరు కొని గోడకు తగిలించండి. అది 65 శాతం దాటి రోజుల తరబడి ఉంటే బూజు పట్టినట్టే లెక్క. ఫ్యాను తిరగనివ్వండి, కానీ బయట వాన కురుస్తుంటే కిటికీలు తీయొద్దు. కలరా ఉండలు పురుగుల్ని ఆపుతాయేమో గానీ బూజును ఆపవు, పైగా ఆ గదిలో కూర్చునేవాళ్లకు ఆ వాసన మంచిది కాదు.

గుండుసూదులు, క్లిప్పులు తీసేయండి. తేమకి తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి. చిరిగినచోట సెల్లోటేపు వేయొద్దు. ల్యామినేషన్ అసలే వద్దు, ఒకసారి చేశాక దాన్ని విప్పలేం.

స్కానింగ్ కలర్‌లోనే చేయించండి. నలుపు-తెలుపులో తీస్తే మరకా, సిరా చుక్కా ఒకే రంగులోకి వస్తాయి. మార్జిన్‌లో పెన్సిలుతో రాసుకున్న గమకం (స్వరాన్ని ఊపే తీరు) గుర్తులైతే పూర్తిగా మాయమవుతాయి. అన్నీ ఒకేసారి కుదరకపోతే ఫౌంటెన్ పెన్నుతో రాసినవి ముందు తీయండి, తడిస్తే మొదట పోయేది ఆ సిరానే.

ఇంత చేసినా తడవొచ్చు. మేం పనిచేసిన ఒక కాలేజీలో వయొలిన్ మేష్టారి పుస్తకాలు తడిస్తే, మంచి మనసుతోనే డాబా మీద ఎండలో ఆరేశాం. సాయంత్రానికి కాగితం అప్పడంలా వంకర తిరిగింది, సిరా వెలిసిపోయింది. ఇప్పటికీ ఆ పేజీలు తలుచుకుంటే బాధేస్తుంది. తడిసిన పుస్తకాన్ని నీడలో, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా ఆరబెట్టాలి. అంటుకున్న పేజీల్ని లాగొద్దు. మధ్య మధ్య అచ్చులేని తెల్ల కాగితం పెట్టి, తడవగానే మారుస్తూ ఉండాలి. వార్తాపత్రిక పెడితే దాని సిరా అంటుకుంటుంది. రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది కాబట్టి, అంతలో ఆరబెట్టలేనన్ని ఉంటే విడివిడిగా పాలిథీన్ కవర్లలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. గడ్డకట్టిన కాగితం మీద బూజు పెరగదు, తీరిగ్గా కొన్ని కొన్ని తీసి ఆరబెట్టుకోవచ్చు. క్యాసెట్లను మాత్రం ఫ్రీజర్‌లో పెట్టొద్దు.

ఇక అక్టోబర్, తుఫాన్ల నెల. 2014లో హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకింది ఆ నెల 12న, ఆదివారం. తుఫాను సెలవురోజని ఆగదు. వాయుగుండం అన్న మాట రేడియోలో వినగానే కిటికీ పక్కనున్న పెట్టెలు లోపలి గదికి మార్చి, బీరువాల మీద పాలిథీన్ షీటు కప్పాలి. లైబ్రరీ తాళంచెవి కాలేజీకి దగ్గర్లో ఉండే ఇద్దరి దగ్గరైనా ఉండాలి. ఆ ఇద్దరికీ ముందు బయటికి తేవాల్సిన పెట్టె ఏదో ఇప్పుడే చూపించి, దాని మీద ఎర్ర గుడ్డ కట్టి ఉంచండి.