మహమ్మారి విరామం తర్వాత ఊరి కబడ్డీ జట్టును కోర్టులోకి దింపడం ఎలా?

ఆట నెలల తరబడి ఆగితే ముందు పోయేది దమ్ము, ముందు తిరిగొచ్చేదీ అదే. మూడు నాలుగు వారాల్లో కూత చాలావరకు పాత పొడవుకు వస్తుంది. తొడ వెనక కండరం, మోకాలి చుట్టూ పట్టు మాత్రం అంత తొందరగా రావు. దమ్ము ఉంది కదా అని ఆట పెంచేస్తే దెబ్బలు తగిలేది ఆ తేడాలోనే.

సంక్రాంతి పోటీలకు ఆరు వారాల సాధన కావాలి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నవంబరు, డిసెంబరుల్లో వాయుగుండాలకు కొన్ని రోజులు పోక తప్పదు కాబట్టి ఎనిమిది వారాల ముందే మొదలుపెట్టండి. తడిసిన నల్లరేగడిలో కూతకు వెళ్లనివ్వకండి. పాదం మట్టిలో దిగబడి ఆగిపోతుంది, ఒళ్లు తిరుగుతుంది, మధ్యలో మోకాలు పోతుంది. ఆ రోజుల్లో బడి వరండాలో వ్యాయామం చాలు. ఎండాక కోర్టును (మగవాళ్లకు 13×10 మీటర్లు, ఆడవాళ్లకు 12×8) గుల్లగా తవ్వి, గడ్డలు చితగ్గొట్టి, రంపపు పొట్టు కలిపి చదును చేయండి.

జబ్బు చేసి లేచినవాళ్ల లెక్క వేరు. 2020లో కోవిడ్ వచ్చిన ఆటగాళ్ల కోసం బ్రిటన్ వైద్యులు వేసిన మెట్లు ఇప్పటికీ పనికొస్తాయి. లక్షణాలు మొదలై 10 రోజులు దాటాలి, అందులో చివరి 7 రోజులు మాత్ర వేసుకోకుండా ఏ లక్షణమూ ఉండకూడదు. ఆ తర్వాత రెండు రోజులు 15 నిమిషాల నడక, మెల్లని పరుగు. మర్నాడు 30 నిమిషాలు, ఆ మర్నాడు 45, ఆపైన రెండు రోజులు 60. 220లోంచి వయసు తీసేస్తే వచ్చేది గుండె గరిష్ఠ వేగం. మొదటి మెట్టులో దానిలో 70 శాతం, తర్వాత 80 శాతం దాటకూడదు. 22 ఏళ్ల కుర్రాడికి 10 సెకన్లలో నాడి 23, తర్వాత 26 అన్నమాట. ఛాతీలో నొప్పి, దడ, కళ్లు తిరగడం కనిపిస్తే ఆట ఆపి, ఒంగోలు రిమ్స్‌కో నెల్లూరు పెద్దాసుపత్రికో తీసుకెళ్లి ఈసీజీ తీయించాలి. "తగ్గిపోతుందిలే" అన్న మాట వినొద్దు. గుండె కండరం వాచి ఉంటే పరుగు ప్రాణం మీదికి తెస్తుంది.

మొదటి రెండు వారాలు పట్లు వద్దు. ఎదుట ఎవరూ లేకుండా 15 సెకన్ల కూతలు, వారానికి ఐదేసి సెకన్లు పెంచుతూ 30కి. మాస్కుతో కూత తీయొద్దు, చెమటకు తడిసి ఊపిరాడదు. జబ్బు ఊళ్లో ఇంకా ఉంటే దూరంగానే సాధన చేయాలి, ఎవరి సీసా, ఎవరి తువ్వాలు వాళ్లవే. మోకాళ్ల మీద నిలబడి, వెనక ఒకరు చీలమండలు అదిమి పట్టుకోగా, నడుము వంచకుండా మెల్లగా ముందుకు వాలడం రైడర్లకు (కూతకు వెళ్లేవాళ్లకు) తప్పనిసరి. మొదటి వారం 5 చొప్పున రెండు సార్లే. మర్నాడు తొడలు సలుపుతాయి, అది మామూలే. క్యాచర్లు (రైడర్‌ను పట్టేవాళ్లు) మూడో వారంలో పడటం మళ్లీ నేర్చుకోవాలి, నాలుగో వారంలో చైన్, అంటే చేతులు పట్టుకుని కలిసి అడ్డుకోవడం. వేళ్లు పెనవేయకుండా మణికట్టు పట్టుకుంటే వేళ్లు విరగవు.

2020 మేలో ఫుట్‌బాల్‌ సబ్‌స్టిట్యూట్లను 3 నుంచి 5కు పెంచుకుంది. మన ఆటలో 12 మందికి 5గురు ఎప్పుడూ బయటే ఉంటారు, వాళ్లను వాడుకునే జట్లే తక్కువ. ఒకే రోజు రెండు మ్యాచ్‌లు పడితే రెండోదానికి ముఖ్య రైడర్‌ను మొదటి సగం కూర్చోబెట్టండి.