మతకర్మలు లేకుండా పదకొండు రోజులు: విశాఖలో చేసుకోవాల్సిన ఏర్పాట్లు

మనిషికి మతం కావాలా వద్దా అని బీచ్ రోడ్డులో కూర్చుని ఎంతసేపైనా వాదించుకోవచ్చు. ఇంట్లో మనిషి పోయిన రాత్రి మాత్రం ఒకటే ప్రశ్న: ఇప్పుడేం చెయ్యాలి? పురోహితుడుంటే ఆయన చెబుతాడు. ‘నాకు కర్మకాండ వద్దు’ అని పోయినవాళ్ల ఇంట్లో చెప్పే దిక్కుండదు. అందుకే క్రమం ముందే రాసి పెట్టుకోవాలి.

కర్మకాండ వద్దని, కళ్లూ శరీరం దానం చెయ్యాలని బతికుండగానే కోరికను కాగితం మీద పెట్టి ఇద్దరు సాక్షులతో సంతకం చేయించండి. ఒకరు దగ్గరి బంధువై ఉండాలి. అవయవదానానికి 1994 చట్టం అడిగేదీ ఇదే. అయినా కొడుకో తోబుట్టువో అడ్డం తిరిగితే కాగితం పనిచెయ్యదు. పండక్కి అందరూ చేరినప్పుడు నోటితో చెప్పడమే గట్టి పని.

పోయిన వెంటనే మొదటి ఫోను కళ్ల కోసం. గడువు 6 గంటలే. హనుమంతవాక ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి చెబితే ఇంటికే వస్తారు. ఈలోపు ఫ్యాను ఆపి, రెప్పలు మూసి, తడి దూది వెయ్యండి. తల కింద రెండు దిళ్లు పెట్టండి. కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) తీయడానికి 20 నిమిషాలు చాలు, ముఖం చెదరదు. కళ్లజోడున్నా, శుక్లాల ఆపరేషనైనా ఫరవాలేదు. హెచ్ఐవీ, హెపటైటిస్ ఉంటే తీసుకోరు.

శరీరం వైద్య విద్యార్థుల చదువు కోసం ఆంధ్ర మెడికల్ కాలేజీ అనాటమీ (శరీర నిర్మాణ శాస్త్రం) విభాగానికి. డాక్టరిచ్చిన మరణ ధ్రువపత్రం, ఆధార్ నకళ్లు సిద్ధం చేసుకోండి. కళ్లు ఇచ్చినా శరీరం ఇవ్వొచ్చు. ప్రమాదం, ఆత్మహత్య, పోస్టుమార్టం అయితే కుదరదు. అలాంటప్పుడు చావులమదుం వైపు శ్మశానమో, మీకు దగ్గరలో ఉన్నదో, ముందే అనుకుని ఉంచండి.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఆదర్శం కదా అని గంటలో పంపించేస్తారు. శ్రీకాకుళం నుంచి బస్సెక్కిన అక్క వచ్చేసరికి ఖాళీ మంచం. ఆ కోపం ఏళ్ల తరబడి పోదు. ఫ్రీజర్ బాక్సు తెప్పించి, ఫలానా టైముకి కదులుతామని అందరికీ ఒకే మాట చెప్పండి. పూలు వెయ్యనివ్వండి, ఏడవనివ్వండి. ముసలమ్మ దీపం పెడతానంటే అడ్డుపడొద్దు, నాస్తికత్వం నిరూపించుకోవడానికి అది సమయం కాదు.

తర్వాత రోజులు. మైల పేరుతో పొయ్యి వెలిగించకపోవడం వల్ల చుట్టాలు అన్నం తెచ్చేవారు, ఇంటివాళ్లకి వంట బాధ తప్పేది. మైల తీసేస్తే అన్నం తెచ్చేవాళ్లూ మాయమవుతారు. కాబట్టి పదకొండు రోజులకీ పేర్లు రాసి గోడకి అంటించండి: ఫలానా రోజు ఫలానా వాళ్ల క్యారేజీ. రోజూ సాయంత్రం 6 నుంచి 7 దాకా తలుపు తీసే ఉంచండి, వచ్చినవాళ్లు కూర్చుంటారు. ఐదో రోజు ఒకరికి కాగితాల పని అప్పగించండి. 21 రోజుల్లోగా మరణం నమోదైతే ఆలస్య రుసుం ఉండదు. ఆసుపత్రిలో పోతే వాళ్లే తెలియజేస్తారు, ఇంట్లో పోతే ఇంటిపెద్దే చెప్పాలి. నమోదయ్యాక ఇచ్చే ధ్రువపత్రం నకళ్లు పది తీయించండి, బ్యాంకు, పింఛను, గ్యాసు అన్నిచోట్లా అడుగుతారు.

పదకొండో రోజు పెద్దకర్మ బదులు సంస్మరణ సభ. మాట్లాడేది ఆరుగురు, మనిషికి ఐదు నిమిషాలు. మైకు ఇంటివాళ్ల చేతిలోనే ఉండాలి, లేకపోతే అది యూనియన్ మీటింగైపోతుంది. పోయినవాళ్లతో పోట్లాడిన స్నేహితుణ్ణి తప్పక మాట్లాడించండి, పొగడ్తల మధ్య మనిషి కనిపించేది అప్పుడే. ఆపైన భోజనాలు.

అసలు కష్టం పన్నెండో రోజు నుంచి. మాసికాలు పెట్టుకునే ఇంటికి నెలనెలా నలుగురైనా వస్తారు. మీ ఇంటికి ఎవరూ రారు, రావాలని ఎవరికీ తోచదు. పోయిన తేదీని ప్రతినెలా క్యాలెండర్లో గుర్తు పెట్టి, వంతులవారీగా ఒకర్ని భోజనానికి పిలవండి. మొదటి సంక్రాంతి మరీ బరువు. పక్కిళ్లలో పెద్దలకు కొత్తబట్టలు పెట్టుకుంటుంటే మీ ఇల్లు బోసిగా ఉంటుంది. పోయినవాళ్ల కొలతకి ఒక జత కొని, కట్టుకునేవాళ్లకి ఇచ్చేయండి. పోయినవాళ్లకిష్టమైన కూరే ఆ రోజు వండండి.