తెల్లకొంగ సున్నపు ముద్దలా వస్తుంటే: నా అనుభవం

నాగోలు దగ్గర మూసీ ఒడ్డున పొద్దుటి ఎండలో ఫొటో తీసిన కొంగలన్నీ సున్నపు ముద్దల్లా వచ్చేవి. ఒక్క ఈకా తెలిసేది కాదు. ఫిల్టర్ మార్చాను, స్పాట్ మీటరింగ్ (ఫ్రేమ్‌లో ఒక్క చోటి వెలుతురునే కెమెరా కొలిచే పద్ధతి) పెట్టాను, ఎడిటింగ్‌లో కుస్తీ పట్టాను, లాభం లేదు.

అసలు చిక్కు నల్లటి నీళ్లతో. ఫ్రేమంతా చీకటనుకుని కెమెరా వెలుతురు పెంచేస్తోంది. అన్నీ మనమే పెట్టుకునే మాన్యువల్‌కి మార్చి ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) 400, ఎఫ్ (లెన్స్ రంధ్రం కొలత) 6.3, షట్టర్ వేగం సెకనులో 1/1600 వంతు పెట్టాను. మరీ తెల్లబడి వివరం పోయిన చోట్లు తెర మీద మిణుకుమనేలా చేసే హైలైట్ హెచ్చరిక ఆన్ చేసి ఒక ఫొటో తీస్తే కొంగ వీపంతా మిణుకుమంది. అది ఆగేదాకా, వెలుతురు తగ్గేలా షట్టర్ వేగం ఒక్కో మెట్టే పెంచాను. 1/2500 దగ్గర ఆగింది. ఇక దేన్నీ ముట్టుకోలేదు. పసుపు కాలివేళ్లతో బురద కెలుకుతున్న చిన్న తెల్లకొంగ మెడ ఈకలు విడివిడిగా వచ్చాయి!

మబ్బు పడితే మళ్లీ మొదటికే. మారేడుమిల్లి అడవిలో మాత్రం ఇది పనికొస్తుందని చెప్పలేను, అక్కడ వెలుతురు అడుగడుక్కీ మారుతుంది.