ఇంటి ఎలుకల పాఠాలు – 4: పెట్టె పెట్టాక చేతులు కట్టుకోవడం

ఎర పెట్టె, అంటే ఎలుకమందు కలిపిన మైనం కేకు లోపల ఉంచే, రెండు నోళ్లున్న పెట్టె, ఎలా చేసుకోవాలో, ఎక్కడ పెట్టాలో మూడో పాఠంలో చెప్పుకున్నాం. ఆ తర్వాత విజయవాడ నుంచీ గుంటూరు నుంచీ వచ్చిన ఫిర్యాదుల్ని వడగడితే మిగిలేవి రెండు. "అసలు ముట్టనే లేదు" అని కొందరు. "రాత్రికి రాత్రే ఊడ్చేసింది, ఒక్కటీ చావలేదు, మందు నకిలీ" అని ఇంకొందరు. అటక మీద చచ్చిన ఎలుక కంపుతో వేగలేకపోతున్నవాళ్లు కొద్దిమందే, వాళ్ల సంగతి చివర్లో చూద్దాం. ఈసారి కన్నాలు మూయడంలో రెండో విడత చెప్పాల్సింది, దాన్ని వాయిదా వేస్తున్నాను. పెట్టెలు పని ముగించకముందే కన్నాలు మూస్తే ఎలుకలు మీతోపాటు ఇంట్లోనే ఉండిపోతాయి.

ముందు ముట్టని పెట్టె. ముట్టలేదన్నవాళ్లలో చాలామంది మూడో రోజుకే చోటు మార్చేశారు. స్టవ్ గట్టు కింద నుంచి ఫ్రిజ్ వెనక్కి, అక్కణ్ణుంచి మెట్ల కిందకి. దూలాల మీదా కేబుల్ తీగల మీదా తిరిగే ఇంటి ఎలుక, తను రోజూ నడిచే దారిలో కొత్త వస్తువు కనపడితే పక్కనుంచి తప్పుకుని పోతుంది గానీ లోపల తల పెట్టదు. ఐదు రోజులు, వారం, ఒక్కోసారి పది రోజులు అలాగే చూస్తుంది. పందికొక్కు కూడా తొందరపడే రకం కాదు. మీరు చోటు మార్చిన ప్రతిసారీ ఆ లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. చిట్టెలుక తీరు వేరు. కొత్తది కనిపిస్తే ఆ రాత్రే వచ్చి వాసన చూస్తుంది, నాలుగు చోట్ల చిటికెడు చిటికెడు కొరికి పోతుంది. అందుకే చిట్టెలుకల ఇంట్లో పెట్టె మూడు రాత్రులు అలాగే ఉంటే చోటు తప్పని అర్థం, మీటరు దూరం జరపండి. పెద్ద ఎలుకల ఇంట్లో పది రాత్రుల వరకూ చెయ్యి పెట్టొద్దు.

మరి లోపల ఏం జరుగుతోందో తెలిసేదెలా? మూత తీయకండి. పెట్టె రెండు నోళ్ల ముందూ జానెడు మేర ముగ్గుపిండి పలచగా చల్లండి. రాతి ముగ్గే వాడాలి, బియ్యప్పిండి వేస్తే చీమలు చేరతాయి. పొద్దున్నే సెల్‌ఫోన్ లైటు నేలకి ఆనించి పక్కవాటుగా వేస్తే అచ్చులు లేచి కనిపిస్తాయి. ముందు కాలికి నాలుగు వేళ్లు, వెనక కాలికి ఐదు, మధ్యలో తోక ఈడ్చిన గీత. వెనక పాదం అంగుళం దాటితే ఎలుక, ముప్పావు అంగుళం లోపుంటే చిట్టెలుక. సన్నటి చుక్కల వరసలు బొద్దింకవి. అచ్చులు నోటిదాకా వచ్చి వెనక్కి తిరిగాయంటే పెట్టె సరైన చోటే ఉంది, అలవాటు పడుతోంది. అసలు అచ్చులే లేకపోతే అది వాటి దారి కాదు.

ఒక్క సందేహం మాత్రం తీర్చాలి. పెట్టెకి మనిషి వాసన తగలకూడదని కొందరు ఫినాయిల్‌తో కడిగారు, ఒకరిద్దరు గిన్నెల సబ్బుతో తోమారు. ఇంటి ఎలుక పుట్టిందే మన వాసనలో, దానికి అది లెక్కలోకి రాదు. చేతికి గ్లౌజులు వేసుకోమన్నది మీ కోసం, ఎలుక మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం అంటకుండా. లోపల ఎలుక మూత్రం మరకలుంటే ఉండనివ్వండి. తోటి ఎలుక వాసన ఉన్న పెట్టెలోకి రెండోది త్వరగా దూరుతుంది.

రాత్రి అన్నం గిన్నె మూత లేకుండా గట్టు మీద ఉన్నా, కుక్క తినగా మిగిలిన పెరుగన్నం పళ్లెం గుమ్మంలో ఉన్నా, పొద్దున మున్సిపాలిటీ బండి వస్తుందని చెత్త కవరు రాత్రే బయట పెట్టినా, మైనం కేకుని ఎలుక ఎందుకు ముడుతుంది? ఇది విడమరిచి చెప్పేది కాదు.

ఇప్పుడు రెండో ఫిర్యాదు. ఈ పాఠంలో సగం దీనికే పోతుంది, ఎందుకంటే ఇల్లు చెడిపోయేది ఇక్కడే. రాత్రి కేకు మాయమైంది, తెల్లారి ఒక్క ఎలుకా చావలేదు. మర్నాడు పెట్టె ఖాళీగానే వదిలేశారు. మూడో రోజు కొట్టుకెళ్లి "గట్టి మందు" అడిగి నల్లపొడి తెచ్చి పకోడీలో కలిపి అదే పెట్టెలో పెట్టారు. అయిపోయింది, ఇక ఆ ఇంట్లో ఏ ఎలుకా ఆ పెట్టెని నమ్మదు.

కేకుల్లో ఉండేది బ్రోమాడియోలోన్, 0.005 శాతం. అంటే గ్రాము కేకులో 0.05 మిల్లీగ్రాముల మందు. సగం ఎలుకల్ని చంపే మోతాదు కిలో బరువుకి మిల్లీగ్రాము పైచిలుకు. 200 గ్రాముల ఎలుకకి లెక్క కడితే నాలుగైదు గ్రాముల కేకు. అందరికీ సరిపడాలంటే తలకి 10–15 గ్రాములు అనుకోండి. ఇది రక్తం గడ్డకట్టడానికి కావలసిన విటమిన్ కే పనిని ఆపుతుంది. శరీరంలో అప్పటికే తయారై ఉన్న గడ్డకట్టే పదార్థాలు అయిపోవాలి, అప్పుడు గానీ లోపల రక్తం కారడం మొదలవదు. అందుకే చావు మూడో రోజు నుంచి పదో రోజు లోపు, ఎక్కువగా నాలుగైదు రోజులకి. ఆ ఆలస్యం మందులో లోపం కాదు, దాన్ని అలా ఎంచుకున్నదే అందుకు. సోమవారం తిన్నదానికి శుక్రవారం నలతగా ఉంటే ఆ నలతనీ ఆ తిండినీ ఎలుక కలిపి చూడలేదు. దాని పక్కనున్నవీ చూడలేవు.

నల్లపొడి, అంటే జింక్ ఫాస్ఫైడ్, దీనికి పూర్తి వ్యతిరేకం. కడుపులోని యాసిడ్ తగలగానే ఫాస్ఫీన్ వాయువు పుడుతుంది, గంటల్లో చావు. కొంచెమే కొరికి బతికిన ఎలుకకి ఏది తింటే కడుపు తిప్పిందో బాగా గుర్తుంటుంది. ఆ మందునీ, అది కలిపిన తిండినీ, ఒక్కోసారి పెట్టిన చోటునీ వారాల తరబడి మానేస్తుంది. పొలాల్లో దీన్ని పెట్టే ముందు రెండు మూడు రోజులు వట్టి నూకలు పెట్టి అలవాటు చేసేది ఈ భయంతోనే. పైగా మనిషి తింటే దీనికి విరుగుడు లేదు. ఇంట్లో వాడొద్దు. ధాన్యం గోదాముల్లో పొగబెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు ఇంటి చుట్టుపక్కలకి కూడా రానివ్వొద్దు, కన్నంలో వేసినా ఆ గాలి గోడ సందుల్లోంచి పడకగదిలోకి వస్తుంది.

సరే, కేకు మాయమైంది. ఎవరు తిన్నట్టు? ఎలుకల్లో పెత్తందార్లుంటాయి. బలమైన మగది ముందు తింటుంది, మిగతావి దూరంగా ఉంటాయి. అది రోజుకి 20 గ్రాములు తిన్నా, చావు రావడానికి నాలుగు రోజులు పడుతుంది కాబట్టి 80 గ్రాములు లాగించేస్తుంది. ఆరు ఎలుకలకి సరిపోయేది ఒక్కటే తిన్నట్టు. మీరు మొత్తం పెట్టిందే 60 గ్రాములైతే మిగిలిన ఆడవాటికి, పిల్లలకి ముక్క కూడా దక్కలేదు. ఆ మగది చచ్చాక రెండోది పెత్తనం తీసుకునే వేళకి మీ పెట్టె ఖాళీ. అందుకని ఒక రాత్రిలో పూర్తిగా ఖాళీ అయితే రెండు పనులు ఒకేసారి చేయండి: అదే పెట్టెలో మళ్లీ అంతే నింపండి, రెండు మీటర్ల దూరంలో, అదే గోడ వెంట, ఇంకో పెట్టె పెట్టండి. ఒకే పెట్టెలో రాశి పోస్తే పెత్తందారే దాని ముందు కూర్చుంటుంది. సగం తిన్నవాటిని మూడు రోజులకోసారి నింపితే చాలు. తినడం ఆగిన తర్వాత కూడా ఇంకో వారం ఉంచి, మిగిలింది తీసేయండి. తీయకుండా ఏళ్ల తరబడి వదిలేసిన పెట్టె బొద్దింకలకి కాపురం.

ఇంకో దారిలోనూ కేకు మాయమవుతుంది. పందికొక్కు అక్కడికక్కడే తినదు, మోసుకుపోతుంది. డెల్టా పొలాల్లో దాని కలుగు తవ్వితే లోపల వడ్ల కంకులు పోగేసి ఉండే సంగతి తెలిసిందే, మీ కేకుల్నీ అలాగే దాస్తుంది. అందుకే కేకు మధ్యలో చిల్లు పొడిచి బైండింగ్ వైరుకి గుచ్చి, వైరు రెండు కొసలూ పెట్టెకి బిగించమన్నాను. చాలామంది ఈ ఒక్క పనీ వదిలేశారు. వైరుకి గుచ్చిన కేకుకి ఇంకో లాభం ఉంది, గాట్లు చదవొచ్చు. చిట్టెలుక గాట్లు సూదితో గీసినంత సన్నగా, అంచుల వెంటే ఉంటాయి. పెద్ద ఎలుక పళ్ల గాట్లు రెండు కాలవలు పక్కపక్కన తవ్వినట్టు లోతుగా పడతాయి. గాట్లేవీ లేకుండా పై పొర గరుగ్గా అరిగితే బొద్దింక, నున్నగా తడిజాడతో అరిగితే నత్త. ఈ చివరి రెండూ చూసి "ఎలుక తింటోంది" అని సంబరపడినవాళ్లున్నారు.

పందికొక్కు పెరట్లో ఉంటే రెండంగుళాల నోరున్న పెట్టె దండగ. నాలుగంగుళాల పీవీసీ పైపు, రెండడుగుల ముక్క కావాలి. అది ఉన్న కలుగు ఏదో తెలుసుకోవాలంటే సాయంత్రం అన్ని కన్నాలూ మట్టితో మూసేయండి. తెల్లారి తెరిచి ఉన్నవి, లేదా నోట్లో కొత్త మట్టి కుప్ప పడినవి మాత్రమే లెక్క. పైపు వాటి పక్కన గోడ వారగా ఉంచండి, కన్నానికి అడ్డం పెట్టొద్దు.

నూకల్లో కలుపుకునే 0.25 శాతం బ్రోమాడియోలోన్ పొడి చవక కదా అంటారు. 96 వంతుల నూకలు, 2 వంతుల నూనె, 2 వంతుల మందు, పొలం గట్టుకి బాగానే ఉంటుంది. ఇంట్లో మాత్రం నేను ఒప్పుకోను. మందు నూకలూ ఉప్మా నూకలూ ఒకే డబ్బాలో కనిపించే రోజు వస్తుంది. పైగా కృష్ణ ఒడ్డు ఉక్కపోతకి నూకలు నాలుగు రోజుల్లో బూజు పడతాయి, మైనం కేకు ఆగుతుంది. మే నెలలో మాత్రం ఎండ తగిలే డాబా మీద మైనమూ మెత్తబడుతుంది, నీళ్ల ట్యాంకు కింద నీడలో పెట్టండి. ఆ నెలలో ఏసీ నీళ్లు కారే చోటే అన్నిటికన్నా మంచి చోటు, ఎలుకకి అప్పుడు తిండికన్నా నీళ్లే కరువు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్ నగర్‌ని ముంచినట్టు వరదొస్తే ముందు పెట్టెలు పైకెత్తేయండి. తడిసినవి పారేసి, కొత్త కేకులు పై అంతస్తులో పెట్టాలి, ఎలుకలూ అక్కడికే ఎక్కుతాయి. గుంటూరులో మిర్చి టిక్కీలు, అంటే గోనె బస్తాలు, ఇంట్లో దింపుకున్నవాళ్లు ఘాటుకి ఎలుక రాదని ధీమాగా ఉండొద్దు. గూటికి దానికి కావలసింది గోనె పీచు.

ఇక కంపు. కొట్లలో చెప్పే మాట, "ఇది తింటే దాహమేసి నీళ్ల కోసం బయటికి పోయి చస్తుంది, వడియంలా ఎండిపోతుంది, వాసన రాదు." రెండూ అబద్ధం. రక్తం పోయి నీరసించిన ఎలుక తన గూట్లోనే పడుకుంటుంది, అక్కడే చస్తుంది, అన్నిటిలాగే కుళ్లుతుంది. అందుకే అటక మీద, ఫాల్స్ సీలింగ్ లోపల ఎర పెట్టె వద్దే వద్దు. అక్కడ చెక్క మీద స్ప్రింగు ఉచ్చు, కాల్చిన కొబ్బరి ముక్కతో. పెట్టెలు కింద, బయట గోడ వెంట. చచ్చినదాన్ని కవరు తొడుక్కున్న చేత్తో తీసి రెండడుగుల లోతున పాతండి. చెత్తకుప్పలో వేస్తే కుక్కో పిల్లో తింటుంది, మందు దానికీ ఎక్కుతుంది.

కుక్క కేకు తిన్నట్టు అనుమానం వస్తే లక్షణాల కోసం ఆగొద్దు, చిగుళ్లలో రక్తం కనిపించేది మూడు నాలుగు రోజుల తర్వాత. ప్యాకెట్ తీసుకుని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లండి. విరుగుడు విటమిన్ కే1, అదీ వారాల తరబడి వాడాలి. మెడికల్ షాపులో సొంతంగా అడిగి తెచ్చే కే3 దీనికి పనిచేయదు. పిల్లలు నోట్లో పెట్టుకుంటే 108కి ఫోన్ చేయండి, ప్యాకెట్ వెంట ఉండాలి, ఆ రోజు బాగానే ఉన్నారని ఇంటికి తెచ్చేయకుండా మళ్లీ రక్త పరీక్ష ఎప్పుడో అడిగి రాసుకోండి.

అభ్యాసం. ఈసారి కాస్త బరువైనదే. పెట్టెలకి నంబర్లు వేసి పద్నాలుగు రాత్రులు ముగ్గుపిండి అచ్చులు రాయండి. తినడం మొదలయ్యాక కేకుల్ని గ్రాముల తక్కెడలో తూచి, ఏ రాత్రి ఎన్ని గ్రాములు తగ్గిందో పక్కనే రాయండి. ఆ తక్కెడ మళ్లీ వంటింటికి వెళ్లకూడదు. అంతకుముందు కింది లెక్క విప్పండి.

కృష్ణలంకలో ఓ డాబా అనుకుందాం. పెరటి కాలవ పక్క పైపులో ఐదు రాత్రులు సున్నా, ఆరో రాత్రి 8 గ్రాములు, ఏడు ఎనిమిది తొమ్మిది రాత్రులు పెట్టిన 60కి 60, పదో రాత్రి 40, తర్వాత 20, 5, ఆపైన సున్నా. మెట్ల కింద పెట్టెలో మొదటి రాత్రి నుంచీ గ్రాము, రెండు గ్రాములు, మళ్లీ గ్రాము. వంటింటి పెట్టెలో పద్నాలుగు రాత్రులూ సున్నా, కానీ నోటి ముందు అచ్చులు రోజూ ఉన్నాయి. మొదటి రెండు చోట్లా తిరుగుతున్నవి ఏవి? ఏడో రాత్రి తెల్లారాక పైపు దగ్గర చేయాల్సి ఉండి ఆ ఇంటివాళ్లు చేయనిది ఏమిటి? వంటింటి పెట్టెకి కారణాలు కనీసం మూడు రాయండి, అందులో ఒకటి పెట్టెకి సంబంధం లేనిది కావాలి. ఐదో పాఠం ఈ జవాబులతోనే మొదలవుతుంది, కన్నాలు ఆ తర్వాత.