వాడ్రో జీవితం రాయాలంటే రెండు నోటుబుక్కులు కావాలి

రాబర్ట్ వాడ్రో అనే స్కాట్లాండ్ ప్రెస్బిటేరియన్ పాస్టర్ గురించి మా సండే స్కూల్ టీచర్లకు చెబుతూ ఒకసారి అభాసుపాలయ్యాను. ఆయన రాసుకున్న ఓ వింత కథని నిజంగా జరిగినట్టే చెప్పేశాను. "అది ఆయన చూశాడా, విన్నాడా బాబూ?" అని వెనక బెంచీ నుంచి ఒక సంఘపెద్ద అడిగారు. నోరు పెగల్లేదు. అప్పట్నుంచి నాకు రెండు నోటుబుక్కులు.

మొదటిదాంట్లో గట్టి ఆధారం ఉన్నవే రాయండి. 1679లో గ్లాస్గోలో పుట్టాడు, తండ్రి జేమ్స్ అక్కడే దైవశాస్త్ర ప్రొఫెసర్. కొడుకు యూనివర్సిటీలో లైబ్రేరియన్‌గా చేసి, 1703లో ఈస్ట్‌వుడ్ సంఘానికి పాస్టరయ్యాడు. పెద్ద సంఘాలు రమ్మన్నా కదల్లేదు. 1734లో పోయేదాకా అక్కడే. ఇదంతా ఒక పేజీ చాలు.

రెండోది విన్న మాటలకు. శకునాలు, వింతలు, ఊరి కబుర్లు అన్నీ ఆయన రాసి పెట్టుకున్నాడు. 'అనలెక్టా' పేరుతో 1842-43లో అవి నాలుగు సంపుటాలుగా అచ్చయ్యాయి. ఎవరు చెప్పారో ఆయన చాలాచోట్ల రాశాడు. ఆ పేరు పక్కన రాయకుండా కథ ఎత్తుకోవద్దు.

ఏది ఏ బుక్కులోకి వెళ్లాలో తేల్చడమే అసలు పని. స్కాట్లాండ్‌లోని విగ్‌టౌన్ ఊరి సంగతే చూడండి. 1685 మే 11న మార్గరెట్ విల్సన్ అనే పద్దెనిమిదేళ్ల అమ్మాయినీ, మార్గరెట్ మెక్లాక్లన్ అనే ముసలావిడనూ కొయ్యలకు కట్టి, పోటు నీళ్లలో ముంచి చంపారని 1721-22లో వచ్చిన తన పుస్తకంలో, అంటే స్కాట్లాండ్ చర్చి పడ్డ హింసల చరిత్రలో, వాడ్రో రాశాడు. పంతొమ్మిదో శతాబ్దంలో మార్క్ నేపియర్ అనే లాయరు అసలు ముంచనే లేదన్నాడు. ఏప్రిల్ 30న శిక్ష ఆపమని ఇచ్చిన కాగితం ఆయన ఆధారం. ముంచారనేవాళ్లు ఆ దగ్గర్లోని పెనింగేమ్ సంఘపెద్దల రికార్డు చూపించారు. అది 1711 నాటిది. నేను ముంచారనే నమ్ముతాను, మొదటి బుక్కులోనే రాశాను. కానీ పక్కనే ఎర్ర పెన్నుతో '26 ఏళ్ల తర్వాత' అని కూడా వేశాను.

ఆ చరిత్ర చదవడానికి మొదటి ముద్రణ జోలికి పోవద్దు, పాత అక్షరాలతో కళ్లు లాగేస్తాయి. రాబర్ట్ బర్న్స్ 1828-30లో తెచ్చిన నాలుగు సంపుటాలు హాయి. ఈ బర్న్స్ అదే పేరున్న స్కాట్లాండ్ కవి కాదు, పెయిజ్లీ అనే ఊళ్లో పాస్టరు. వెతికేటప్పుడు నేను అరపూట కవిత్వంలో పడి కొట్టుకుపోయాను.