దక్షిణ సూడాన్ వెళ్ళే సీమ జవానుకు కొన్ని జాగ్రత్తలు

ఐక్యరాజ్యసమితి శాంతి పరిరక్షక దళంలో దక్షిణ సూడాన్‌కు వెళ్ళబోయే మన కర్నూలు, అనంతపురం, కడప కుర్రవాళ్ళు తరచుగా ఒక మాట అంటారు: "ఎండా దుమ్మూ మనకేమన్నా కొత్తనా?" నేనూ అదే మాట అనుకుంటూ మలకాల్‌లో దిగి, నాలుగో రోజున పహారాలో కళ్ళు తిరిగి కూలబడ్డాను. కొండ ప్రాంతాల నుంచి వచ్చిన జవాను ఎండకు భయపడి గంట గంటకూ నీళ్ళు తాగుతాడు; అలవాటుందన్న ధీమాతో మనవాడు తాగడు. ఈ జాగ్రత్తలన్నీ ఆ ధీమాను పక్కన పెట్టడం కోసమే రాస్తున్నాను.

ఆ దేశం 2011 జూలై 9న స్వతంత్రమైంది. శాంతి దళం అక్కడ పని మొదలుపెట్టినదీ ఆ రోజే. మన పటాలాలు ఉండే చోట్లలో తెల్ల నైలు నది ఒడ్డునున్న మలకాల్ ఒకటి. అక్కడి నేల ఆదోని, జమ్మలమడుగు చుట్టుపక్కల మనం చూసే నల్లరేగడి వంటిదే. ఎండాకాలంలో నెర్రెలు విచ్చి, బండ్ల చక్రాల కింద నలిగి పసుపులాంటి మెత్తని పొడి అవుతుంది. మే నెల నుంచి వానలు పట్టగానే అదే పొడి బూట్లను, చక్రాలను వదలని జిగట బంకగా మారుతుంది. రోడ్లు మూతపడితే సరుకులు విమానం మీదనో నదిలో పడవల మీదనో రావలసిందే కాబట్టి, నిత్యం వాడే సబ్బు, పళ్ళపొడి, మందులు కనీసం రెండు నెలలకు సరిపడా ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి.

బయలుదేరే ముందు పని చాలా వరకు పటాలమే చూసుకుంటుంది. పచ్చజ్వరం టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు పడాలి. దాని పసుపు కార్డును పాస్‌పోర్టుతో సమానంగా దాచుకోవాలి, ఎందుకంటే తిరుగు ప్రయాణంలో అది లేకపోతే మన విమానాశ్రయంలోనే నిర్బంధ పరిశీలనలో ఉంచుతారు. పుచ్చిన పన్ను ఉంటే ఇక్కడే తీయించుకోవడం మంచిది. ఇంటి సంగతి మాత్రం ఎవరూ గుర్తు చేయరు. పట్టాదారు పాసుపుస్తకం ఎక్కడుందో, వేరుశనగకు పంట నమోదు, బీమా పనులు ఎవరు చూడాలో, బ్యాంకు ఖాతాలో రెండో పేరు ఎవరిదో తేల్చి, అవసరమైతే అధికార పత్రం రాయించి మరీ బయలుదేరాలి. వేల మైళ్ళ దూరం నుంచి సంతకం పెట్టడం ఎంత కష్టమో ఒక ఖరీఫ్ గడిచాక నాకు తెలిసింది.

దుమ్ము విషయానికి వస్తే, మొదటి సూత్రం పొడిగా ఊడ్వకపోవడం. మన ఇళ్ళలో ఆడవాళ్ళు తెల్లవారుజామున కళ్ళాపి చల్లి గాని చీపురు పట్టరు. గుడారంలోనైనా కంటైనరు గదిలోనైనా అదే పద్ధతి పాటించాలి. మంచి నీళ్ళు ఖర్చు చేయనక్కరలేదు, ముఖం కడిగిన నీళ్ళు చాలు. ఏసీ వడపోత జాలీని వారానికోసారి కడిగి, పూర్తిగా ఆరిన తరువాతే బిగించాలి. బండి ఎయిర్ ఫిల్టరును మాత్రం నీళ్ళలో ముంచకుండా, లోపలి నుంచి బయటికి గాలి కొట్టి దులపాలి. బయటి నుంచి కొడితే దుమ్మంతా కాగితపు మడతలలోకే దిగుతుంది. ఆయుధానికి నూనె ఎక్కువ పూస్తే మంచిదనే భ్రమ కొత్తవాళ్ళలో ఉంటుంది. నిజానికి తడి నూనె దుమ్మును పట్టి ఉంచి, కదిలే భాగాలను ఆకురాయిలా అరగదీస్తుంది. కాబట్టి పలుచగా పూసి, పొడి గుడ్డతో తుడిచి, గొట్టం మూతికి తొడుగు వేసి ఉంచాలి. కాన్వాయ్‌లో ముందు బండి లేపిన దుమ్ము తేలేదాకా దూరం పాటించి, పగలైనా లైట్లు వేసుకుని నడపాలి. కళ్ళలో పడితే నలపకుండా నీళ్ళతో కడగాలి.

ఉతికిన బట్టలను ఆరుబయట ఆరేస్తే దుమ్ముతో పాటు మరొక బెడద ఉంది. ఉష్ణమండల ఆఫ్రికాలో టుంబు అనే ఈగ తడి బట్టల మీద గుడ్లు పెడుతుంది. వాటి నుంచి వచ్చిన పురుగు చర్మంలోకి దూరి కురుపు లేపుతుంది. అందువల్ల బనియన్లు, లోదుస్తులతో సహా ప్రతి బట్టనూ వేడి ఇస్త్రీ చేసి గాని తొడగకూడదు. మొదట్లో నేను దీన్ని చూసి నవ్వాను. పక్క మంచం జవాను వీపు చూశాక నవ్వు ఆగింది.

ఒంటికి ఆ ఎండ అలవాటు కావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అంతవరకు బరువు పనిని కొంచెం కొంచెంగానే పెంచుకోవాలి. ఎండలో పని చేసేటప్పుడు దాహం వేసేదాకా ఆగక, పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు తాగాలి. అలాగని గంటకు లీటరున్నర చేరనీయకూడదు, ఒక్కసారిగా ఎక్కువ తాగితే రక్తంలో ఉప్పు పలచబడి అదీ ప్రమాదమే. మూత్రం చిక్కని పసుపు రంగులో ఉంటే నీళ్ళు చాలలేదని లెక్క. ఓఆర్‌ఎస్ పొట్లం దొరకనప్పుడు కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కొలిచి కలుపుకోవచ్చు. తుంగభద్రలో, పెన్నలో ఈదిన అలవాటు కొద్దీ నైలులోనో పక్క గుంటలోనో దిగాలని మనసు లాగుతుంది, దిగవద్దు. మొసళ్ళ మాట అటుంచి, నత్తల ద్వారా వ్యాపించే బిల్హార్జియా పురుగు నీళ్ళలో నుంచి నేరుగా చర్మంలోకి దూరుతుంది.

తిండికి లోటుండదు గాని, నెల తిరిగేసరికి నాలుక చచ్చిపోతుంది. సీలు వేసిన శనక్కాయల పొడి, కందిపొడి తీసుకెళ్ళండి; నూనె ఊరగాయ సామానులో పగిలి బట్టలు పాడుచేస్తుంది. అక్కడివాళ్ళ తిండీ జొన్నే. పులియబెట్టిన జొన్నపిండితో దోసె కన్నా పలుచగా వేసే కిస్రాను చూస్తే జొన్నరొట్టె తిని పెరిగినవాడికి బెంగ తగ్గుతుంది. "మోయా" అంటే నీళ్ళని, "షుక్రాన్" అంటే ధన్యవాదమని నేర్చుకుంటే కాపలాలో సగం పని తేలికవుతుంది. బండిలో నుంచి పిల్లలకు బిస్కెట్లు విసరడం మాత్రం తగదు, వాళ్ళు చక్రాల కిందికి పరుగెత్తుతారు. కాలిబాట వదిలి నడవకండి, నేల మీద కనిపించిన ఇనుప ముక్కను ముట్టుకోకండి. పేలని మందుగుండు అక్కడ ఇంకా ఉంది.

ఇంటితో మాట్లాడేటప్పుడు మూడున్నర గంటల తేడా గుర్తుంచుకోవాలి. అక్కడ సాయంత్రం ఆరైతే ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర, జేజి అప్పటికే పడుకుని ఉంటుంది. నెట్‌వర్కు రోజుల తరబడి ఉండకపోవచ్చని, ఫోను రాకపోతే ఆపద అనుకోవద్దని అమ్మానాయనలకు ముందే చెప్పి రావాలి. గస్తీ దారులు, క్యాంపు ఫోటోలు ఎవరికీ పంపకూడదు.

మలేరియా మాత్ర ఏది వాడాలో పటాలం వైద్యాధికారి చెబుతారు. డాక్సీసైక్లిన్ ఇస్తే తిన్న తరువాత గ్లాసెడు నీళ్ళతో మింగి, అరగంట దాకా పడుకోకూడదు; పాలతో వేసుకోకూడదు. దోమతెర అంచులను పరుపు కిందికి దోపాలి. తిరిగి వచ్చాక కూడా ఆ మాత్రను నాలుగు వారాలు కొనసాగించాలి. ఊరు చేరగానే మానేసేవాళ్ళే ఎక్కువ. ఆ తరువాత ఏడాది లోపు ఎప్పుడు జ్వరం వచ్చినా, ఊళ్ళో ఆర్‌ఎంపీ వేసే సూదితో సరిపెట్టుకోకుండా పెద్దాసుపత్రికి వెళ్ళి, ఆఫ్రికా నుంచి వచ్చానని డాక్టరుకు ముందుగా చెప్పి, అదే రోజు రక్తపరీక్ష చేయించుకోవాలి.