పోర్ఫిరిన్ వలయంలోకి లోహాన్ని ఎక్కించడం: జింక్, రాగి సంక్లిష్టాల తయారీ, పరీక్ష

గోంగూరను బాణలిలో మగ్గబెట్టిన వారందరికీ తెలిసిన సంగతే: పొయ్యి మీద పెట్టిన కొద్ది నిమిషాలకే ఆకుపచ్చదనం పోయి, కూర మట్టి కలిసిన పాచిరంగుకు తిరుగుతుంది. అదే మంట మీద పాలకూర అంత తొందరగా రంగు మారదు. తేడా అంతా పులుపులో ఉంది. గోంగూరలోని ఆమ్లం పత్రహరితం నడుమ ఉన్న మెగ్నీషియాన్ని వెళ్ళగొట్టి, దాని చోట రెండు హైడ్రోజన్లను కూర్చోబెడుతుంది. అలా లోహం పోయిన పత్రహరితాన్నే ఫియోఫైటిన్ అంటారు, ఆ పాచిరంగు దానిదే. నైట్రోజన్ ఉన్న పైరోల్ అనే చిన్న వలయాలు నాలుగు గుండ్రంగా కలిసి, నడుమ లోహానికి చోటిచ్చే పెద్ద వలయమే పోర్ఫిరిన్. కచ్చితంగా చెప్పాలంటే పత్రహరితంలోనిది పోర్ఫిరిన్ కాదు, ఒక పక్క రెండు హైడ్రోజన్లు ఎక్కువైన దాని దగ్గరి చుట్టం క్లోరిన్ (chlorin) వలయం; క్లోరిన్ అనే మూలకంతో దీనికి సంబంధం లేదు. లోహం వచ్చిపోయే తీరు మాత్రం రెండింటిలోనూ ఒకటే.

ఇక్కడ వివరించేది వంటింట్లో జరిగే దానికి ఎదురు పని. ముందు ఖాళీ వలయాన్ని తయారు చేసి, అందులోకి జింకును, రాగిని విడివిడిగా ఎక్కించి (లోహం ఎక్కిన వలయాన్నే సంక్లిష్టం అంటారు), లోహం నిజంగా ఎక్కిందో లేదో వర్ణపటంలో రుజువు చూసుకోవాలి. ఎం.ఎస్సీ. స్థాయి ప్రయోగశాలలో, ఫ్యూమ్ హుడ్, రిఫ్లక్స్ (ఆవిరిని చల్లార్చి మళ్ళీ పాత్రలోకే దింపుతూ మరిగించడం) సామగ్రి, ఒక మామూలు స్పెక్ట్రోఫోటోమీటర్ ఉంటే రెండు పూటల్లో ముగుస్తుంది. వలయంగా మీసో-టెట్రాఫినైల్‌పోర్ఫిరిన్‌ను, అంటే అందరూ టీపీపీ అని పిలిచే దానిని ఎంచుకోవడం మేలు. దాని ముడిసరుకులైన పైరోల్, బెంజాల్డిహైడ్ అనే ఆల్డిహైడు చవక. పైగా చర్య ముగిశాక తనంతట తానే స్ఫటికాలుగా దిగుతుంది కనుక శుద్ధి చేసే శ్రమ చాలావరకు తప్పుతుంది.

ఈ వలయాన్ని మొదట 1930ల నడుమ రోథెమండ్ మూసిన గొట్టాల్లో వేడిచేసి తయారు చేశాడు, దిగుబడి చాలా తక్కువగా వచ్చేది. 1967లో ఆడ్లర్, లాంగో బృందం మరిగే ప్రొపియానిక్ ఆమ్లంలో, గాలి తగిలేలా తెరిచి ఉంచిన పాత్రలోనే అరగంటలో పని ముగించవచ్చని చూపింది. బోధనశాలల్లో నేటికీ నడుస్తున్న పద్ధతి అదే. 1987లో లిండ్సే బృందం గది ఉష్ణోగ్రత వద్దే, చాలా పలుచని ద్రావణంలో జరిగే మరింత మృదువైన పద్ధతిని ఇచ్చింది. వేడికి తట్టుకోని ఆల్డిహైడులకు అది తప్పనిసరి. బెంజాల్డిహైడుకు అంత అవసరం లేదు.

పైరోల్‌ను అదే రోజు స్వేదనం చేసుకోవాలి. తాజా పైరోల్ నీళ్ళలా ఉంటుంది, సీసాలో నెలల తరబడి నిలిచినది టీ డికాక్షన్ రంగుకు వస్తుంది. ఆ నల్లబడిన దానితో మొదలుపెడితే తారు పెరిగి స్ఫటికాలు తగ్గుతాయి. హుడ్ లోపల, 100 మిల్లీలీటర్ల గుండ్రని ఫ్లాస్కులో 40 మిల్లీలీటర్ల ప్రొపియానిక్ ఆమ్లం పోసి, కండెన్సర్ బిగించి, అది 141 డిగ్రీల సెల్సియస్ దగ్గర చక్కగా మరిగేదాకా ఆగాలి. మరుగుతున్న ఆమ్లంలోకి 1.0 మిల్లీలీటరు బెంజాల్డిహైడ్, 0.7 మిల్లీలీటరు పైరోల్ ఒకదాని వెంట ఒకటి వెంటనే వేయాలి. రెండూ సుమారు 10 మిల్లీమోల్‌లకు సరిపోతాయి. నిమిషం తిరక్కముందే ద్రావణం నల్లబడుతుంది. మొదటిసారి చేసే వారు ఏదో మాడిపోయిందని కంగారుపడతారు గానీ, అలా నల్లబడటం మామూలే. అరగంట మరగనిచ్చి, మంట తీసి, కదపకుండా గది ఉష్ణోగ్రతకు చల్లారనివ్వాలి.

ఆ నల్లని ద్రవాన్ని బుషనర్ గరాటు మీద వడగట్టినప్పుడు కాగితం మీద మిగిలేది పండిన నేరేడు తొక్కలా నిగనిగలాడే ఊదారంగు స్ఫటికాలు. వాటిని చల్లని మిథనాల్‌తో, కిందికి దిగే ద్రవంలో గోధుమరంగు పోయేదాకా కడగాలి. ఆ తరువాత వేడినీటితో రెండు మూడుసార్లు కడిగి ఆమ్లం జాడ లేకుండా చేయాలి. ఈ రెండో కడుగును చాలామంది వదిలేస్తారు, తరువాతి మెట్టులో లోహం ఎక్కనప్పుడు కారణం వెతుక్కుంటారు. పూర్తి దిగుబడి వస్తే 1.5 గ్రాములు రావాలి. చేతికొచ్చేది 300 మిల్లీగ్రాములు, అంటే 20 శాతం. నాలుగు పైరోల్‌లు, నాలుగు ఆల్డిహైడులు గొలుసుగా సాగిపోకుండా సరిగ్గా వలయంగా మూసుకోవాలి కనుక అది తక్కువేమీ కాదు.

లోహం జోలికి పోకముందే ఖాళీ వలయపు వర్ణపటాన్ని తీసి దాచుకోవాలి, ఎందుకంటే తరువాత పోల్చుకోవడానికి ఆధారం అదొక్కటే. ఇక్కడొక చిక్కుంది. టీపీపీలో సోరే పట్టీ అని పిలిచే బలమైన శోషణ 418 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, దాని మోలార్ శోషణ గుణకం (కాంతిని ఎంత గట్టిగా పీల్చుతుందో చెప్పే అంకె) సుమారు 4.7 లక్షలు. అసలు కథ చెప్పే క్యూ పట్టీలు 500 నుంచి 650 నానోమీటర్ల మధ్య, దానికన్నా పాతిక రెట్లు, అంతకుమించి బలహీనంగా ఉంటాయి. ఒకే ద్రావణంలో రెండింటినీ చూడబోతే ఒకటి పరికరం హద్దు దాటిపోతుంది, లేదా మరొకటి గీతలో కలిసిపోతుంది. అందుకని రెండు ద్రావణాలు చేసుకోవాలి: సోరే పట్టీకి లీటరుకు 2 మైక్రోమోల్‌లది, క్యూ పట్టీలకు 40 మైక్రోమోల్‌లది. ఒక మిల్లీగ్రాము టీపీపీని 10 మిల్లీలీటర్ల డైక్లోరోమీథేన్‌లో కరిగిస్తే 160 మైక్రోమోల్‌ల ద్రావణం వస్తుంది, దానిని నాలుగు రెట్లు, ఎనభై రెట్లు పలుచన చేస్తే రెండూ సిద్ధమవుతాయి.

ఖాళీ వలయానికి క్యూ పట్టీలు నాలుగు: 515, 550, 590, 647 నానోమీటర్ల దగ్గర, మెట్లు దిగినట్టు ఒకదాని కంటే ఒకటి పొట్టిగా ఉంటాయి. చివరి మెట్టు దాని ముందుదాని కన్నా ఎత్తుగా లేచి, 650 దాటి జరిగినట్టు కనబడితే సరుకులో క్లోరిన్ కలిసి ఉందని అర్థం. క్లోరిన్ 652 దగ్గర చాలా బలంగా శోషిస్తుంది కాబట్టి కొద్ది శాతమున్నా బయటపడుతుంది. డీడీక్యూ అనే ఆక్సీకరణిని కొద్దిగా వేసి రిఫ్లక్స్ చేసి, అల్యూమినా మీదుగా దింపితే అదీ పోర్ఫిరిన్‌గా మారిపోతుంది.

ఇక జింకు. 61 మిల్లీగ్రాముల టీపీపీని, అంటే 0.1 మిల్లీమోల్‌ను, 20 మిల్లీలీటర్ల క్లోరోఫామ్‌లో కరిగించాలి. 110 మిల్లీగ్రాముల జింక్ అసిటేట్ డైహైడ్రేటును, అంటే ఐదు రెట్లను, 3 మిల్లీలీటర్ల మిథనాల్‌లో విడిగా కరిగించి, రెండింటినీ కలిపి రిఫ్లక్స్‌లో పెట్టాలి. రెండు ద్రావణులు ఎందుకంటే పోర్ఫిరిన్ మిథనాల్‌లో కరగదు, లవణం క్లోరోఫామ్‌లో కరగదు. అసిటేటే ఎందుకన్నది మరీ ముఖ్యం. లోహం లోపలికి రావాలంటే వలయం నడుమ ఉన్న రెండు ప్రోటాన్లు బయటికి పోవాలి; వాటిని పట్టుకుపోయే క్షారం ఎవరో ఒకరు ఉండాలి. అసిటేట్ ఆ పనిని నిదానంగా చేసి అసిటిక్ ఆమ్లంగా మారుతుంది, ఆ బలహీన ఆమ్లం జింకును మళ్ళీ లాగివేయలేదు. బలమైన ఆమ్లమే మిగిలితే మనం ఎక్కించిన లోహం గోంగూరలోలాగే దిగిపోయేది.

లోహం లోపలికి దూరడం అంత తేలిక కాదు. వలయం బల్లపరుపుగా, బిగుతుగా ఉంటుంది. నడిబొడ్డు నుంచి నైట్రోజన్‌కు దూరం సుమారు 0.2 నానోమీటర్లు. లోహ అయాను తన చుట్టూ ఉన్న ద్రావణి అణువులను ఒక్కొక్కటిగా విడుచుకోవాలి, వలయం కాస్త మెలిపడి నైట్రోజన్ల ఒంటరి ఎలక్ట్రాన్ జంటలను దానివైపు తిప్పాలి. మన శరీరంలో హీమ్ తయారయ్యేటప్పుడు ఈ మెలితిప్పే పనిని ఫెర్రోకెలటేస్ అనే ఎంజైము చేసిపెట్టి ఇనుమును ఎక్కిస్తుంది. ఇనుము చాలనప్పుడు, లేదా సీసం విషం ఆ ఎంజైమును అడ్డుకున్నప్పుడు, ఆ చోటులోకి జింకు చేరుతుంది. రక్తహీనతలోనూ సీసపు విషంలోనూ ఎర్ర రక్తకణాల జింక్ ప్రోటోపోర్ఫిరిన్‌ను కొలవడానికి కారణం ఇదే.

పది నిమిషాలకొకసారి చుక్క తీసి, డైక్లోరోమీథేన్‌లో పలుచన చేసి వర్ణపటం చూడాలి. సోరే పట్టీని నమ్ముకోవద్దు, అది ఒకటి రెండు నానోమీటర్లకు మించి కదలదు. క్యూ పట్టీలను లెక్కపెట్టాలి. ఖాళీ వలయంలో ఎదురెదురు నైట్రోజన్లు రెండింటికే హైడ్రోజన్లు ఉంటాయి కనుక అణువు నిలువుకూ అడ్డానికీ ఒకటి కాదు, దీర్ఘచతురస్రం లాంటిది. లోహం ఎక్కగానే నాలుగు నైట్రోజన్లూ సమానమై చతురస్రమవుతుంది, నాలుగు పట్టీలు రెండుకు తగ్గుతాయి. జింకుకు అవి 548, 586 దగ్గర కనబడతాయి. 515, 647 దగ్గర గీత నేలకు అంటుకున్నప్పుడే చర్య ముగిసినట్టు. 586 మీద ఆధారపడి ముగిసిందనుకోవడం పొరపాటు, ఎందుకంటే ఖాళీ వలయపు 590 పట్టీ దాని చాటున దాక్కుంటుంది.

ముగిశాక నీటితో కడిగి మిగులు లవణాన్ని తీసి, క్లోరోఫామ్‌ను తగ్గించి మిథనాల్ కలిపితే జింక్ టీపీపీ దిగుతుంది. పూర్తిగా వస్తే 68 మిల్లీగ్రాములు. సిలికా మీద శుద్ధి చేయాల్సి వస్తే ద్రావణికి రెండు చుక్కల ట్రైఇథైల్ అమీన్ కలపాలి, లేకుంటే సిలికా ఆమ్లత్వానికే కొంత జింకు రాలిపోతుంది. మరొక విషయం: జింకు తన ఐదో చేతిని పైకి చాచి ఉంచుతుంది. పిరిడిన్ వంటిది తగిలితే పట్టుకుంటుంది, అప్పుడు సోరే పట్టీ సుమారు 10 నానోమీటర్లు ఎరుపువైపు జరుగుతుంది. పట్టీ చోటు పుస్తకంలోని అంకెతో కలవలేదంటే ముందు ద్రావణిని అనుమానించాలి.

రాగిని కూడా అసిటేట్ రూపంలోనే, ఇదే పద్ధతిలో ఎక్కించవచ్చు. సోరే పట్టీ 416 దగ్గర, ప్రధానమైన క్యూ పట్టీ 539 దగ్గర వస్తాయి. రాగిలో నాకు నచ్చే పరీక్ష వేరే ఉంది. 365 నానోమీటర్ల అతినీలలోహిత దీపం కింద ఖాళీ వలయం నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతుంది, జింకుది కూడా వెలుగుతుంది. రాగిది మాత్రం వెలగదు. జత కుదరని ఒక్క ఎలక్ట్రాన్ ఉన్న రాగి ఆ కాంతిని ఆర్పేస్తుంది. అందుచేత రాగి సరుకును టీఎల్‌సీ పలక (పలుచని పొర మీద పదార్థాలను విడదీసేది) మీద పరిగెత్తించి దీపం కింద పెట్టినప్పుడు ఎక్కడైనా ఎర్రచుక్క మెరిస్తే, వర్ణపటంలో కనబడనంత ఖాళీ వలయం మిగిలి ఉన్నా పట్టుబడినట్టే. జింకుకు ఈ ఉపాయం పనికిరాదు. దానికి ప్రోటాన్ ఎన్ఎమ్ఆర్ (అయస్కాంత క్షేత్రంలో హైడ్రోజన్ల గుర్తులను చూపే వర్ణపటం) తీసి, ఖాళీ వలయంలో సున్నాకు అవతల మైనస్ 2.8 దగ్గర ఉండే లోపలి హైడ్రోజన్ల గుర్తు మాయమైందని చూడాలి. అదే ఒంటరి ఎలక్ట్రాన్ గుర్తులను చెదరగొడుతుంది కనుక రాగి నమూనాను ఎన్ఎమ్ఆర్‌కు పంపడం దండగ.

వలయంలో జింకు, రాగి రెండింటి పట్టు ఎంతో తెలుసుకోవాలంటే విడివిడి గొట్టాల్లో ఒక్కొక్క చుక్క హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి కుదపాలి. జింకుది ఆకుపచ్చగా మారిపోతుంది, అమీన్ వేస్తే ఊదారంగు తిరిగి వస్తుంది గానీ పట్టీలు మళ్ళీ నాలుగవుతాయి. అంటే జింకు పోయింది. రాగిది చలించదు, దానిని దింపాలంటే గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కావాలి. పత్రహరితం నుంచి చేసే ఆహారపు ఆకుపచ్చ రంగులో మెగ్నీషియం బదులు రాగిని పెట్టడం ఈ పట్టు కోసమే.

ఆమ్లం తగిలితే వచ్చే ఆ ఆకుపచ్చ గురించి ఒక హెచ్చరిక. ఒకసారి మా ప్రయోగశాలలో ఒక విద్యార్థి ఖాళీ టీపీపీని పాత సీసాలోని క్లోరోఫామ్‌లో కరిగించి, పచ్చని ద్రావణాన్నీ, 440, 655 దగ్గర పట్టీలనూ చూసి కొత్త సంక్లిష్టం దొరికిందని రెండు పేజీలు రాశాడు. వెలుతురులో నిలిచిన క్లోరోఫామ్ విరిగి హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుట్టింది, వలయం మరో రెండు ప్రోటాన్లు మోసుకొని పచ్చబడింది, అంతే సంగతి. అమీన్ ఒక్క చుక్కతో ఆ కొత్త సంక్లిష్టం ఊదారంగుకు వచ్చేసింది. అప్పటినుంచి వర్ణపటాలకు డైక్లోరోమీథేన్ మాత్రమే వాడుతున్నాం.

ఇనుము ఎక్కించాలనుకునే వారు క్లోరోఫామ్ పద్ధతి వదిలి, ఫెర్రస్ క్లోరైడుతో డీఎమ్ఎఫ్ అనే ద్రావణిలో రిఫ్లక్స్ చేయాలి. గాలి తగలగానే ఇనుము మూడో ఆక్సీకరణ స్థితికి వెళ్ళి, పైన ఒక క్లోరైడును పట్టుకుంటుంది. దానిని క్షారంతో కడిగితే రెండు వలయాలు నడుమ ఒక ఆక్సిజన్‌తో ముడిపడి జంటగా తయారవుతాయి, ఆ జంట ఆక్సిజన్‌ను మోసే పనికి రాదు. హిమోగ్లోబిన్‌లో ప్రోటీను ఒక్కో హీమ్‌ను విడి గదిలో ఉంచి ఈ జంట కట్టడాన్ని ఆపుతుంది. 1970లలో కాల్‌మన్ బృందం వలయం ఒక పక్కన కంచెలాంటి గుంపులను కట్టి అదే పని ప్రోటీను లేకుండా చేయించింది.

ఘనరూపంలో ఈ సంక్లిష్టాలు గోధుమరంగు సీసాలో ఏళ్ళ తరబడి నిలుస్తాయి. జింక్ టీపీపీ ద్రావణం మాత్రం వెలుతురులో, గాలిలో చురుకైన ఆక్సిజన్‌ను పుట్టించి తననే తాను చెరుపుకుంటుంది. దాని వర్ణపటం అదే పూట తీయాలి, ఫ్లాస్కుకు అల్యూమినియం రేకు చుట్టి ఉంచాలి. వడగట్టగా వచ్చిన నల్లని ప్రొపియానిక్ ఆమ్లాన్ని హాలోజన్ లేని వ్యర్థాల సీసాలోనూ, క్లోరోఫామ్‌ను దాని సీసాలోనూ వేరుగా పోయాలి. సింకులో పోస్తే ముక్కిపోయిన నెయ్యిలాంటి ఆ వాసన వారం దాకా వదలదు.